అడుగున మిగిలిన తోడు



పాలు తోడు పెట్టడం ఎట్లాగో ఈ ప్రసంగం వింటున్న తల్లులకు, అక్కచెల్లెండ్రకు నేను చెప్పనక్కరలేదు. కాచి, గోరువెచ్చగా చల్లార్చిన పాలలో నిన్నటి పెరుగు ఒక్క చెంచా వేసి, మూత పెట్టి, కదల్చకుండా ఒక మూల ఉంచితే, తెల్లవారేసరికి గిన్నెడు పాలూ గడ్డపెరుగై ఉంటాయి. ఆ చెంచాడు పెరుగు లేనిదే పాలు సరిగా తోడుకోవు. వెచ్చదనము, తడి, మూత, తోడు: ఈ నాలుగూ ఒకచోట కూడినప్పుడు కంటికి కనబడని సూక్ష్మజీవులు రాత్రికి రాత్రే జరిపే కార్యమది. ఈ చిన్న సంగతిని దయచేసి మనసులో నిలుపుకోండి. ఈనాడు నేను మనవి చేయబోయే దానికంతటికీ ఇదే పునాది.

నా విషయం డిష్‌వాషరు. అంటే, అంట్లు తోమే యంత్రము. తలుపు తెరవగానే దానిలోనుండి గుప్పున ముఖానికి కొట్టే దుర్వాసనను గూర్చి, దానిని పోగొట్టుకొనే మార్గమును గూర్చి మాట్లాడదలచాను.

ఒకప్పుడు అమెరికాలో స్థిరపడిన మన పిల్లల ఇండ్లలో చూచి వచ్చి, ఇక్కడివారికి వింతగా చెప్పుకొన్న ఈ యంత్రము, 2020లో కరోనా మూలంగా పనివారు ఇండ్లకు రాలేకపోయిన ఆ కష్టకాలం తరువాత, హైదరాబాదు, విశాఖపట్నం, విజయవాడ వంటి నగరాలలోని మధ్యతరగతి వంటిండ్లలోనికి కూడా ప్రవేశించినది. యంత్రము వచ్చినది గాని, దానిని పోషించే విధానము వెంట రాలేదు. ఇత్తడి బిందె తోమడానికి చింతపండు కావాలని మనకు మన అమ్మమ్మలు నేర్పారు. రాతిచిప్పను ఎట్లా వాడాలో, ఆవకాయ జాడీని ఎట్లా ఆరబెట్టాలో నేర్పారు. ఈ యంత్రాన్ని గూర్చి నేర్పడానికి ఇంట్లో ఏ అమ్మమ్మా లేదు. అందువలన ఎందరో మంచి గృహిణులు దీనితో అవస్థ పడుతున్నారు.

మా వదినగారి సంగతే చెబుతాను. వారు హైదరాబాదులో ఉంటారు. శుభ్రతకు పెట్టింది పేరు. గ్యాసు పొయ్యి కింద కూడా తడిగుడ్డతో తుడిచిన తరువాతనే రాత్రి వంటింటి దీపం ఆర్పుతారు. అటువంటి ఇంట, డిష్‌వాషరు కొన్న నాలుగవ నెలలో, ఇంటికి వచ్చినవారి ముందు తలుపు తెరవడానికే సంకోచించవలసినంత కంపు మొదలైంది. ఆమె నిమ్మ పరిమళం గల బిళ్లలు తెచ్చి లోపల వేలాడదీశారు. నిమ్మచెక్కలు వేసి యంత్రాన్ని తిప్పారు. వంటింట్లో సాంబ్రాణి పొగ వేశారు. రెండు దినాలు పరిమళము. మూడవ దినాన మళ్లీ ఆ కంపే, నిమ్మవాసనతో కలిసి మరింత వికారంగా. చివరకు యంత్రమే చెడిపోయినదని నిశ్చయించుకొని, గిన్నెలన్నీ సింకులో చేతితోనే తోముకొనడం ప్రారంభించారు.

సంక్రాంతికి వెళ్లినప్పుడు ఈ గోడు నేను విన్నాను. కింది అర బయటకు లాగి, అడుగున ఉన్న గుండ్రటి జల్లెడను చూపించి, "వదినా, ఈ ఫిల్టరు ఎన్నాళ్లకొకసారి తీసి కడుగుతున్నారు?" అని అడిగాను.

"అది ఊడి వస్తుందా అమ్మా? నాకెవరూ చెప్పలేదే!" అన్నారామె.

ఎడమవైపునకు కొద్దిగా తిప్పి పైకి తీశాను. ఆవాలు, కరివేపాకు ఈనెలు, మిరపగింజలు, ఒక చింతగింజ, నాని నాని జావగా మారిన అన్నం మెతుకులు, వీటన్నింటినీ కూడగట్టి పట్టుకొని ఉన్న పసుపుపచ్చని జిడ్డు. నాలుగు నెలల పోపు అంతా అక్కడనే ఉన్నది. ఆ ఫిల్టరును వేడినీళ్లలో నానబెట్టి, పాత పళ్లబ్రష్షుతో తోమి, తిరిగి బిగించి, ఆ రాత్రి గిన్నెలేమీ పెట్టకుండా యంత్రాన్ని వేడినీళ్లతో ఒకసారి తిప్పాము. మరునాటి ఉదయం తలుపు తెరిస్తే వాసన లేదు. ఒక్క పైసా ఖర్చు కాలేదు. మెకానిక్కును పిలవలేదు. కాని, మొదటినుండీ ఈ ఒక్క మాట తెలిసి ఉంటే ఆమెకు అన్నాళ్ల మనఃక్లేశము తప్పేది గదా అని నాకు ఎంతో బాధ కలిగింది. ఆ బాధే నన్ను ఈనాడు ఇక్కడికి తీసుకొని వచ్చింది.

నేను చెప్పదలచిన మాట ఇదే. వాసనను కప్పకండి. తోడును తీసివేయండి. మరల చెబుతాను: వాసనను కప్పకండి, తోడును తీసివేయండి.

తోడు అంటే ఏమిటో ఇప్పుడు చూద్దాము. ఈ యంత్రం లోపల నీళ్లు కుళాయి నుండి ధారగా వచ్చి, గిన్నెలను కడిగి, ఎప్పటికప్పుడు బయటకు పోతున్నవని చాలామంది ఊహిస్తారు. అది నిజం కాదు. నేటి యంత్రము ఒక పర్యాయం అంట్లన్నీ కడగడానికి మొత్తం మీద సుమారు 10 లీటర్ల నీరు మాత్రమే వాడుకొంటుంది. సింకులో కుళాయి విప్పి తోమితే అంతకు ఎన్నో రెట్లు పోతుంది. అంత తక్కువ నీటితో అన్ని గిన్నెలు ఎట్లా శుభ్రపడుతున్నవి? లోపలికి వచ్చిన మూడు నాలుగు లీటర్ల నీటినే అడుగున ఉన్న పంపు పైకి తోడుతుంది. గిరగిర తిరిగే రెక్కలు ఆ నీటిని గిన్నెల మీదికి చిమ్ముతాయి. గిన్నెల మీద పడిన నీరు జారి అడుగుకు వస్తుంది. ఫిల్టరులోనుండి దిగుతుంది. పంపు మళ్లీ దానినే తోడుతుంది. ఇట్లా ఆ కొద్ది నీరే వందలమార్లు తిరిగి తిరిగి ప్రవహిస్తుంది. మురికి నీటిని బయటకు తోసి కొత్తనీరు తీసుకొనేది మధ్యమధ్య కొద్దిసార్లు మాత్రమే. కావున, నీరు ఎన్నిసార్లు తిరిగితే అన్నిసార్లు మెతుకులను, గింజలను, పీచును పట్టి ఉంచే భారమంతా ఆ ఫిల్టరు మీదనే పడుతున్నది.

ఫిల్టరు కాఫీ వేసుకొనే ఇండ్లలో ఈ సంగతి మరింత సులభంగా అర్థమవుతుంది. పై గిన్నెలో పొడి వేసి, మరిగే నీళ్లు పోస్తాము. కాఫీ కిందికి దిగుతుంది, పిప్పి పైన నిలుస్తుంది. ఆ పిప్పిని ప్రతి ఉదయం తీసి పారవేసి, గిన్నె కడిగి బోర్లిస్తాము. నాలుగు నెలలపాటు పిప్పి తీయకుండా, దానిమీదనే నీళ్లు పోస్తూ ఆ కాఫీ ఎవరైనా తాగుతారా? ఆలోచించడానికే మనసు ఒప్పదు. అయితే, ఫిల్టరు కడగని డిష్‌వాషరులో మన గిన్నెలు స్నానం చేస్తున్నది సరిగ్గా అటువంటి నీటిలోనే.

ఇప్పుడు పాలగిన్నెను మళ్లీ తలచుకోండి. అంట్లు కడగడం పూర్తయిన తరువాత యంత్రం లోపల వెచ్చగా ఉంటుంది. తడిగా ఉంటుంది. తలుపు బిగించి ఉంటుంది. ఫిల్టరులో ఒక చెంచాడు ఎంగిలి మిగిలి ఉంటుంది. వెచ్చదనము, తడి, మూత, తోడు. నాలుగూ సమకూరినవి. మేనెలలో ఇడ్లీపిండి మన వంటిండ్లలో ఆరు గంటలలోనే పొంగి పొర్లుతుంది గదా. ఆ ఎంగిలి పులియడానికి మాత్రం ఎంతసేపు పడుతుంది?

ఈ సందర్భంలో అమెరికాలో ఉన్న మన వారికి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. అక్కడి పాత యంత్రాలలో చాలావాటికి అడుగున, మెతుకులను నలిపి మురుగులోనికి పంపే చిన్న చక్రము ఒకటి ఉండేది. అది పెద్ద చప్పుడు చేసేది, కాని ఫిల్టరు తీసే పని లేకుండా చేసేది. ఇటీవలి యంత్రాలు చప్పుడు తగ్గించడానికి ఆ చక్రాన్ని వదలి, చేతితో తీసి కడుగవలసిన ఫిల్టరును అమర్చుకొన్నవి. పాత అలవాటు చొప్పున, 'ఇదంతా యంత్రమే చూచుకొంటుంది' అని ఊరుకొన్నవారికి ఆ ఫిల్టరు ఉన్నట్లే తెలియదు. మీ యంత్రంతో వచ్చిన చిన్న పుస్తకం బీరువాలో ఎక్కడో ఉండే ఉంటుంది. దానిని ఒక్కసారి తీసి, ఫిల్టరు బొమ్మ ఉన్న పుట చూడండి. పుస్తకము పోయినదా, కింది అర లాగి అడుగున వెతకండి.

వాసన ఎక్కడినుండి వస్తున్నదో తెలుసుకొనడానికి మన భాషే మనకు ఎంతో సాయపడుతుంది. కంపు అని ఒక్క మాటతో సరిపుచ్చుకొనే జాతి కాదు మనది. పులిసిన వాసన వేరు, నీచు వాసన వేరు, ముక్కిన వాసన వేరు, మురుగు వాసన వేరు, మాడు వాసన వేరు. తలుపు తెరచి, ఒక్క క్షణం నిలబడి, ఇది వీటిలో ఏదని మీ ముక్కును అడగండి. పులిసిన వాసన అయితే అన్నం, పిండి, పెరుగు ఫిల్టరులో నిలిచినవన్న మాట. నీచు వాసన అయితే గుడ్డు గాని చేప గాని అంటిన గిన్నెలను కడగకుండా ఒకటి రెండు రోజులు లోపలనే ఉంచి మూసినారన్న మాట. తడిగుడ్డ మడతపెట్టి ఉంచినట్లు ముక్కిన వాసన వస్తే, తలుపు చుట్టూ ఉన్న రబ్బరు పట్టీని చూడాలి. మురుగు వాసన అయితే గొట్టాన్ని చూడాలి. ప్లాస్టిక్కు మాడిన వాసన అయితే, వెంటనే స్విచ్చి ఆపి, ఏ డబ్బా మూతో జారి అడుగున ఉన్న వేడి కమ్మీ మీద పడినదేమో చూచి, అటువంటిదేమీ లేకపోతే మెకానిక్కును పిలవాలి. ఆ చివరిదానితో ఆలస్యం పనికిరాదు.

వీటన్నింటిలోను ముందు చూడవలసినది ఫిల్టరే గనుక, అది కడిగే పద్ధతిని నిదానంగా చెబుతాను. యంత్రం ఖాళీగా, చల్లగా ఉన్నప్పుడు కింది అరను పూర్తిగా బయటకు తీయండి. అడుగున, మధ్యగా గాని ఒక పక్కగా గాని, లోటా ఆకారంలో ఒక గొట్టం వంటిది కనిపిస్తుంది. దానిని పట్టుకొని ఎడమవైపునకు తిప్పి పైకి లాగండి. దానికింద పళ్లెం వంటి సన్నని జల్లెడ ఒకటి ఉంటే దానిని కూడా తీయండి. రెంటినీ, అంట్లు చేతితో తోమడానికి వాడే సబ్బు కొద్దిగా కలిపిన వేడినీళ్లలో పది నిమిషాలు నానవేయండి. నానిన తరువాత మెత్తని బ్రష్షుతో, లోపలివైపు నుండి బయటివైపునకు తోమండి. ఇనుప పీచు వాడకండి. ఆ జల్లెడ కన్నములు చాలా సన్నవి, ఒకసారి చిరిగినవంటే మెతుకులన్నీ నేరుగా పంపులోనికి పోతాయి. ఫిల్టరు నానుతున్నంతసేపు, అది ఉన్న గుంటను గుడ్డతో తుడవండి. వట్టి వేళ్లు పెట్టకండి. పగిలిన గాజుముక్క అందులో ఉండవచ్చును. గుంటలో కొద్దిగా నీరు నిలిచి ఉన్నదని కంగారు పడవద్దు. అడుగున ఆ కాస్త నీరు ఎల్లప్పుడూ ఉండవలసినదే. చివరకు ఫిల్టరును స్వస్థానంలో పెట్టి, బిగుసుకొనేవరకు కుడివైపునకు తిప్పండి. వదులుగా ఉంచితే కడిగిన ఫలము దక్కదు.

దీనికంతకూ పావుగంట చాలును. రోజూ యంత్రం నడిపే ఇంట వారానికి ఒకసారి. ఎప్పుడో గాని నడపని ఇంట పదిహేను రోజులకొకసారి. శుక్రవారం ఇల్లు కడిగే అలవాటు ఉన్నవారు, దీనిని కూడా ఆ పనులలోనే చేర్చుకోండి. అప్పుడు మరచిపోవడం ఉండదు.

తిరిగే రెక్కలను గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. వాటి కన్నాలలో ఆవగింజలు ఇరుక్కొంటాయి. నెలకొకసారి రెక్కను ఊడదీసి కుళాయి కింద పట్టి, మూసుకొన్న కన్నాన్ని చీపురుపుల్లతో పొడిస్తే చాలును.

ఇక వేడినీటి మాట. ఈ యంత్రం కథలో వేడినీటికి చాలా పెద్ద స్థానము కలదు. అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రంలోని షెల్బీవిల్ అనే ఊరిలో జోసెఫీన్ కాక్రన్ అనే గృహిణి ఉండేది. తన విలువైన పింగాణీ పాత్రలు తోమేటప్పుడు అంచులు చిట్లిపోతున్నవని బాధపడి, పాత్రలను కమ్మీల గూడులలో నిలిపి, వాటిమీదికి బలంగా నీటిని చిమ్మే యంత్రాన్ని ఆమె కల్పించి, 1886 డిసెంబరు 28వ తేదీన దానిపై పేటెంటు పొందింది. 1893లో చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఆ యంత్రాలు పనిచేసి అందరినీ ఆశ్చర్యపరచినవి. హోటళ్లవారు కొనుక్కొన్నారు. కాని ఆమె ఎవరి కొరకు దానిని కల్పించినదో ఆ గృహిణుల ఇండ్లలోనికి అది చాలాకాలం రాలేకపోయింది. ఏలనగా, ఆ యంత్రానికి కావలసినంత వేడినీరు ఆనాటి ఇండ్లలో చాలావాటికి లేదు. ఒక భర్తృహీన, అప్పులు మీద పడిన స్థితిలో, ఒక మెకానిక్కు సాయంతో సాధించిన ఘనకార్యమది. ఆమెను తలచుకొన్నప్పుడెల్లా నాకు గౌరవం కలుగుతుంది.

వేడినీరు అంత ముఖ్యమెందుకు? గడ్డకట్టిన నేతిగిన్నెను చన్నీళ్లతో తోమి చూడండి. జిడ్డు వదలదు సరికదా, పీచుకు, చేతికి, సింకుకు కూడా పాకుతుంది. యంత్రంలోనూ అంతే. త్వరగా అయిపోతుందని కొందరు ఎల్లప్పుడూ అరగంట ప్రోగ్రామే నడుపుతారు. నీరు ఆదా, కరెంటు ఆదా అని మరికొందరు ఎప్పుడూ తక్కువ వేడిమీదనే నడుపుతారు. తప్పు లేదు. కాని ఆ కొద్ది వేడికి పూర్తిగా కరగని నెయ్యి, నూనె, కొబ్బరిపాల కొవ్వు, నీటితో కొట్టుకొనిపోయి మురుగు గొట్టంలో చల్లబడి, పొరలు పొరలుగా పేరుకొంటాయి. ఆ పొరలలో మెతుకు చిక్కుకొంటుంది, మెతుకు కుళ్లుతుంది. అందుచేత వారానికి ఒకసారి అయినా 65 గాని 70 గాని డిగ్రీల వేడిమీద నడిచే ప్రోగ్రామును పెట్టండి. అమెరికాలో చాలా యంత్రాలకు వేడినీటి కుళాయి గొట్టమే కలిపి ఉంటుంది గనుక, అక్కడివారు యంత్రం మొదలుపెట్టే ముందు సింకులోని వేడినీటి కుళాయిని కాసేపు వదిలితే, గొట్టంలో నిలిచిన చన్నీరు పోయి, వేడినీరే లోపలికి వెళుతుంది.

గిన్నెలను పెట్టేముందు మెతుకులు, ఎముకలు, కరివేపాకు చెత్తబుట్టలోనికి దులపండి. అంతవరకే. కుళాయి కింద తళతళ మెరిసేటట్లు కడిగి పెట్టవలసిన పని లేదు. యంత్రంలో వేసే సబ్బుపొడిలో పిండి పదార్థాన్ని, మాంసకృత్తులను కరిగించే ఎంజైములు ఉన్నవి, మిగిలిన మరకల సంగతి అవి చూచుకొంటాయి. పొద్దున్నే పెట్టిన గిన్నెలు రాత్రికి గాని నడపరనుకోండి, నీళ్లతో ఒక్కసారి తొలిచి వదిలే చిన్న ప్రోగ్రాము చాలా యంత్రాలలో ఉంటుంది, దానిని వాడండి.

వెనిగరు మాటకు వస్తున్నాను. చేపలు కడిగేటప్పుడు మన కోస్తా తల్లులు ఉప్పు, పసుపు రాచి, చింతపండు పులుసుతో ఎందుకు కడుగుతారు? చేప నీచుకు కారణమైన పదార్థాలు క్షారగుణము గలవి. పులుపు తగిలితే అవి బంధింపబడి, గాలిలోనికి లేవక, నీటితో కొట్టుకొనిపోతాయి. ఈ రహస్యం మన వంటింటికి తరతరాలుగా తెలుసును. యంత్రంలో చింతపండు వేయలేము, అది మళ్లీ ఫిల్టరుకే అడ్డుపడుతుంది. దానికి బదులు, ఫిల్టరు కడిగిన తరువాత, గిన్నెలేమీ లేకుండా, పై అరలో ఒక గాజు కప్పు నిండుగా తెల్ల వెనిగరు పోసి నిలబెట్టి, యంత్రాన్ని ఎక్కువ వేడిమీద నడపండి. వెనిగరును యంత్రం అడుగున పోయకండి. చాలా యంత్రాలు మొదట చేసే పని అడుగున ఉన్న నీటిని బయటకు తోసివేయడమే గనుక మీ వెనిగరంతా మురుగు పాలవుతుంది. కప్పులో ఉంటే, మీద పడే నీటితో కొద్దికొద్దిగా కలుస్తుంది. వెనిగరు లేనివారు నిమ్మ ఉప్పు రెండు మూడు చెంచాలు, పొడి వేసే అరలోనే వేసుకొనవచ్చును. రెండు నెలలకొకసారి చాలును. ఊరక తరచుగా పులుపు పట్టిస్తే రబ్బరు భాగాలు చెడిపోవచ్చును.

బోరునీటి ఇండ్లలో ఈ పులుపుకు రెండవ ప్రయోజనము కూడా కలదు. గీజరులో, స్టీలు కూజా అడుగున తెల్లగా గరుకుగా పట్టే పొరను మీరందరూ చూచే ఉంటారు. ఆ సున్నపు పొర యంత్రం లోపలి గోడలమీద, గొట్టాలలోను కూడా పడుతుంది. నున్నటి గోడమీద నిలవని జిడ్డు ఆ గరుకుమీద నిలుస్తుంది. పులుపు ఆ పొరను కరిగిస్తుంది. ఉప్పు వేసే డబ్బా ఉన్న యంత్రమైతే, డిష్‌వాషరు ఉప్పే వేయండి. వంట ఉప్పు వేయకండి. వంట ఉప్పులో గడ్డకట్టకుండా కలిపే పొడులను ఆ అమరిక భరించలేదు.

వెనిగరు, వంటసోడా రెండూ కలిపి ఒకేసారి వేస్తే రెట్టింపు పని చేస్తాయని కొందరు నమ్ముతారు. పుల్లని మజ్జిగలో సోడా వేస్తే బుసబుస పొంగి, పులుపు చచ్చిపోతుంది గదా. ఇక్కడా అంతే, ఒకదానినొకటి చంపుకొంటాయి. సోడా వాడదలిస్తే మరొకనాడు, రాత్రి అడుగున గుప్పెడు చల్లి, ఉదయం చిన్న ప్రోగ్రాము పెట్టండి.

ఇప్పుడు చెప్పబోయే మాటను దయచేసి చాలా శ్రద్ధగా వినండి. బ్లీచింగు ద్రావకంతో వెనిగరును గాని, నిమ్మ ఉప్పును గాని, మరే పులుపును గాని ఎన్నడూ కలపవద్దు. కలిస్తే క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది. తలుపులు మూసిన చిన్న వంటింట్లో అది ఊపిరితిత్తులకు గొప్ప హాని చేస్తుంది. మరల చెబుతున్నాను: బ్లీచింగు ద్రావకము, పులుపు, ఈ రెండూ ఎన్నడూ కలవరాదు. అసలు స్టీలు గోడలు గల యంత్రంలో బ్లీచింగు వాడకపోవడమే మేలు, అది స్టీలును తింటుంది.

ఫిల్టరు కడిగారు. వేడినీటితో తిప్పారు. అయినా ముక్కిన వాసన వస్తున్నదనుకోండి. తలుపు చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ మడతలో వేలితో రాయండి. తలుపు కింది అంచును, కీళ్ల దగ్గరను కూడా చూడండి. రెక్కలు చిమ్మే నీరు అక్కడికి చేరదు. కాని జారిన జిడ్డు చేరుతుంది. నల్లగా, జారుడుగా ఏదైనా చేతికంటితే అది బూజు. స్లొవేనియా దేశంలో, ల్యుబ్ల్యానా విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు ఎన్నో దేశాల ఇండ్లలోని డిష్‌వాషర్ల రబ్బరు పట్టీలనుండి నమూనాలు సేకరించి, 2011లో ప్రకటించిన పరిశోధనలో, వాటిలో సగానికి పైగా యంత్రాలలో శిలీంధ్రాలు కాపురముంటున్నట్లు కనుగొన్నారు. వేడికి, ఉప్పుకు, సబ్బు క్షారానికి కూడా తట్టుకొనే నల్లని జాతులు వాటిలో ఉన్నవి. ఆరోగ్యవంతులు భయపడవలసినది లేదు గాని, ఇంట్లో జబ్బుతో నీరసించినవారు ఉన్నప్పుడు ఆ పట్టీని నిర్లక్ష్యం చేయడం మంచిది కాదు. వారానికి ఒకసారి, సబ్బునీళ్లలో ముంచి పిండిన గుడ్డతో మడత లోపల వరకు తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఒత్తండి.

మురుగు వాసన సంగతి కొంత భిన్నమైనది. యంత్రం నుండి బయలుదేరిన మురుగు గొట్టం, సింకు కింద నేరుగా పాకి, నేలబారుగా పోయి కలిసినట్లయితే, సింకులోని మురికినీరు వెనుకకు తిరిగి యంత్రంలోనికి వస్తుంది. ఆ గొట్టాన్ని మొదట వంటగట్టు బండ దాకా పైకి ఎత్తి, అక్కడ కట్టి, తరువాత కిందికి దించాలి. మీ సింకు కింది తలుపు తీసి చూడండి. గొట్టం ఎత్తుగా వంపు తిరిగి ఉన్నదా? లేకుంటే ప్లంబరు చేత కట్టించండి. ఇంటికి తాళం వేసి నెలా రెండు నెలలు ఊరికి వెళ్లివచ్చినవారికి మరొక అనుభవం ఉంటుంది. సింకు కింది వంపు గొట్టంలో నిలిచి, మురుగు గాలిని ఇంట్లోకి రానీయక కాపలా కాసే నీరు ఆవిరైపోతుంది. రాగానే సింకులో రెండు చెంబుల నీళ్లు పోస్తే ఆ కాపలా మళ్లీ ఏర్పడుతుంది.

ఇంత చెప్పినా అన్నీ ఒక్కనాడే చేయనక్కరలేదు. ఫిల్టరు ఒక్కటి చేయండి. పదిండ్లలో ఎనిమిదిండ్ల వాసన అంతటితోనే పోతుందని నా విశ్వాసము. వాసనను కప్పకండి, తోడును తీసివేయండి.

ఇక తడి, మూత మిగిలినవి. ఆవకాయ పెట్టేముందు జాడీని కడిగి, ఎండలో తడి అన్నది లేకుండా ఆరబెట్టనిదే మన పెద్దలు ముక్క వేసేవారు కారు. ఒక్క తడిచేయి తగిలితే ఏడాది ఊరగాయ బూజు పట్టిపోతుందని వారికి తెలుసును. మన యంత్రాన్ని మాత్రం ప్రతి రాత్రీ తడితోనే మూసిపెడుతున్నాము. అంట్లు కడగడం పూర్తయిన తరువాత తలుపు కొద్దిగా తెరచి దానికి కూడా కాస్త గాలి ఆడనివ్వాలి. చంటిబిడ్డలున్న ఇంట, తెరచిన తలుపు వారి చేతికి అందకుండా, లోపల కత్తులు లేకుండా చూచుకోండి.

కాబట్టి, సోదరీ సోదరులారా, ఈ రాత్రి భోజనాలైన తరువాత, యంత్రం నడిపేముందు, కింది అర లాగి ఆ ఫిల్టరును ఒక్కసారి పైకి తీసి చూడండి. కడిగి బిగించండి. యంత్రం ఆగి, ఆవిరి తగ్గిన తరువాత, పడుకోబోయే ముందు, తలుపును నాలుగు వేళ్ల వెడల్పు తెరచి ఉంచండి.